కోకో పండించినావిడతో నందిగామ దాకా

హైదరాబాదు నుంచి విజయవాడకి ఏడాదికి పదిసార్లు తిరిగేవాళ్ళు కూడా ఈ దారిలో ఊళ్ళ పేర్లు బోర్డుల మీద చదవటమే గాని దిగి చూసింది లేదు. సూర్యాపేటలో టీ, ఆ తర్వాత నిద్ర, కళ్ళు తెరిస్తే ఇబ్రహీంపట్నం. నేనూ అంతే. గుడివాడ పక్కన కాలవ నీళ్ళ ఊళ్ళో పుట్టినదాన్ని, మెట్ట ఊళ్ళల్లో చూడ్డానికి ఏముంటుందిలే అనుకునే జాతి మాది. పోయిన మిరప సీజన్లో మాత్రం మూడు రోజులు ఆ ఊళ్ళల్లోనే తిరిగాను. నా పాత కారులో, పక్క సీట్లో ఘనా దేశపు కోకో రైతుని కూచోబెట్టుకుని తిరిగాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. విజయవాడలో మా ఇంటి కింది వాటాలో నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ చాక్లెట్ చేస్తాం. కోకో గింజలు వేయించి, పొట్టు చేటతో చెరిగి, ఇడ్లీ పిండి రుబ్బేలాంటి రాతి గ్రైండర్లో రెండు రోజులు రుబ్బుతాం. గింజల్లో కొన్ని ఏలూరు వైపు కొబ్బరి తోటల్లోవి, కొన్ని ఘనావి. ఘనావి ఫెయిర్ ట్రేడ్ ముద్ర ఉన్నవే కొంటాను. అంటే మామూలు ధర మీద ఇంకొంత పైన ఇవ్వాలి. ఆ పైడబ్బు రైతుల సంఘానికి పోతుంది, బోరు వేయించుకుంటారో బడికి గది కట్టించుకుంటారో వాళ్ళే కూచుని తేల్చుకుంటారు. పిల్లల చేతికి కత్తిచ్చి తోటలోకి తోలకూడదన్న షరతు కూడా ఉంది. అందుకే నా బార్ నూట ఎనభై రూపాయలు. పక్కనున్న బార్ ఎనభై. "అంతెందుకండీ" అని అడిగేవాళ్ళకి నేను నవ్వుతూ జవాబు చెప్పే రోజులు పోయాయి. ఎనభైకి ఎలా ఇస్తున్నారో వాళ్ళని అడగండి, నన్ను కాదు అంటున్నాను.

నా సరుకులో సగానికి పైగా అమ్మేది నందిగామలో ఒక మిఠాయి కొట్టు. యజమాని ప్రసాదు. ఆ ఫిబ్రవరిలో ఫోన్ చేసి, ఇక మీ బార్లు పెట్టలేనక్కా అన్నాడు. ఆ కొట్టు పోతే నేను ఆ ఏటికి ఘనా గింజలు తీసుకోలేను. నేనూ, హైదరాబాదులో ఇంకో ఇద్దరు చిన్న తయారీదార్లూ కలిస్తేనే ఒక సంఘం సరుకు ముద్రతో మన దేశానికి వస్తుంది. నేను తప్పుకుంటే ఆ బస్తాలు మామూలు సరుకులో కలిసిపోతాయి, సంఘానికి పైడబ్బు రాదు. పండించింది అవే చేతులు, పడ్డ కష్టం అదే. కొనేవాడు లేకపోతే ముద్ర ఉన్నా లేనట్టే.

ఆ సంఘం తరఫున ఒకావిడ హైదరాబాదులో ఒక సభకొచ్చిందని తెలిసి వెళ్ళాను. మనిషి నా ఈడుదే, యాభై దాటింది. పేరు అకోసువా. జరిగింది చెప్పి, ఏమీ అనుకోవద్దన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఆ కొట్టు ఎక్కడుందని మాత్రం అడిగింది. నందిగామ దారిలోనే అన్నాను. అయితే వెళ్దాం పద అంది.

జగ్గయ్యపేట

జగ్గయ్యపేటలో మొదట దిగింది ఒక లాడ్జి ముందు. గదులున్నాయని ఫోన్లో చెప్పినవాడే అకోసువాని చూడగానే లేవన్నాడు. విదేశీయులైతే ఏవో కాయితాలు పెట్టాలట, ఆ తలనొప్పి వాళ్ళకెందుకట. అమెరికా నుంచి తెల్లవాళ్ళొస్తే ఇస్తావా అని అడిగితే నేల చూపులు చూశాడు. నాకు నోరెక్కువ, అది నేనే ఒప్పుకుంటా. వీధిలో జనం పోగయ్యేదాకా అరిచాను. అకోసువా కారుకి ఆనుకుని నిలబడి, అయిపోయిందా సిస్టర్ అని అడిగింది. ఇలాంటి గుమ్మాలు ఆవిడకి కొత్త కాదట.

చివరికి నా పాత స్నేహితురాలు సుశీల టీచరు ఇంటికి వెళ్ళాం. అక్కడే ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్తుంది. గుమ్మంలోనే చెంబుతో నీళ్ళిచ్చి, వంటింట్లోకి పరిగెత్తింది. గోంగూర పచ్చడి, పప్పుచారు, వేయించిన ఎండుచేపలు. ఈ విదేశీ మనిషి కారం తట్టుకుంటుందో లేదోనని సుశీల చేతులు నలుపుకుంటుంటే, అకోసువా గోంగూర ముద్ద మీద ఇంకో పచ్చిమిరపకాయ కొరికింది. వాళ్ళ ఊళ్ళో కర్రపెండలం, అరటికాయ కలిపి రోట్లో దంచి సంకటిలా ముద్ద చేస్తారట. దాన్ని నమలకూడదట, పులుసులో ముంచి మింగాలట. ఆ అలవాటుతో అన్నం కూడా గుటుక్కున మింగుతుంటే అరగదేమోనని సుశీల కంగారు.

పేరుకి అర్థమేంటని అడిగితే ఆదివారం పుట్టిన ఆడపిల్లకి ఆ పేరే పెడతారని చెప్పింది. అయితే మన ఆదెమ్మే కదే అంది సుశీల. సాయంత్రానికి వీధి వీధంతా ఆదెమ్మగారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న: మీరెప్పుడైనా చాక్లెట్ తిన్నారా? ఎక్కడో విన్నారట, పాపం పండించేవాళ్ళకి దాని రుచే తెలియదని. నాలుగోసారి అడిగేసరికి ఆవిడకి ఒళ్ళు మండింది. తిన్నాను, తీపి మరీ ఎక్కువ, నాకు నచ్చలేదు అని చెప్పమంది. నేను సంతోషంగా చెప్పాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మాత్రం అకోసువా మొహం ముడుచుకుని కూచుంది. నేను రావటం వీళ్ళకి ఇష్టం లేదా అని అడిగింది. అదేమిటి, ఇన్ని పెట్టారు, ఇంత ఆప్యాయంగా చూశారు అన్నాను. పెట్టారు, కానీ ఎందుకొచ్చావని ఒక్కరూ అడగలేదు అంది. వాళ్ళ దగ్గర గుమ్మం తొక్కినవాళ్ళకి ముందు నీళ్ళిస్తారు. తాగాక ఇంటి పెద్ద, ఏ పని మీద వచ్చారని అడుగుతాడు. వచ్చినవాళ్ళు కూచుని వివరంగా చెప్పాలి. అది మర్యాద. అడగలేదంటే నీ మాటతో మాకు పని లేదన్నట్టు. నేను తల పట్టుకున్నాను. మా దగ్గర నీళ్ళివ్వగానే ఏం పని మీద వచ్చారంటే, పని చెప్పి త్వరగా పొండి అన్నట్టు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూచుని, భోంచేసి, చెప్పులేసుకునేటప్పుడు గుమ్మంలో అసలు సంగతి ఎత్తటం మా పద్ధతి. అడగందే అమ్మైనా పెట్టదని సామెత మాత్రం ఉంది, అడిగే ధైర్యమే లేదు.

ఆవిడ ఇదంతా విని, మీకు ఖాళీ రోజులు ఎక్కువగా ఉన్నట్టున్నాయి అంది.

చిల్లకల్లు

చిల్లకల్లు దాటాక రోడ్డు పక్క పొలమంతా ఎర్రగా ఉంటే అకోసువా కారు ఆపించింది. మిరప కల్లాలు. కోసిన కాయని నేల మీద పరిచి ఎండబెట్టారు. పది మంది ఆడవాళ్ళు గుడ్డలు మూతులకి కట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఆవిడ చెప్పులు విప్పి వాళ్ళ పక్కన కూచుని తనూ ఏరటం మొదలుపెట్టింది. కోకో గింజల్ని కూడా ఇలాగే వెదురు తడికల మీద ఎండబెట్టి, బూజుపట్టినవి, బద్దలైనవి ఏరేస్తారట. వాళ్ళ తడికలు నడుమెత్తున ఉంటాయట. వంగి చేస్తే నడుం పోతుందని సంఘంలో పోట్లాడి ఎత్తు పెంచుకున్నారట. ఇది నేను తెలుగులో చెప్పగానే ఒక పెద్దావిడ నడుం నిమురుకుంటూ, మాకెవరు పెంచుతారు తల్లీ అంది.

అంతలో అకోసువా అలవాటు కొద్దీ చెమట తుడుచుకుంది. మిరపకాయ చెయ్యి కంట్లో పడింది. అబ్బో, ఆ తర్వాత గోల. తలా ఒక వైద్యం చెప్పారు. చివరికి ఆ పెద్దావిడే కొంగు ఉండ చేసి, నోటితో ఊది ఊది కంటికి కాపడం పెట్టింది. ఒక కన్ను మూసుకుని అకోసువా నవ్వుతూనే ఉంది.

కల్లం రైతు వెంకటేశ్వర్లు పక్క టీ బండి దగ్గర టీ పోయించాడు, పదిహేను రూపాయల టీ, నన్ను డబ్బులివ్వనివ్వలేదు. మేం చేసే పని విన్నాక మాత్రం ఆయన గొంతు మారింది.

"ఏమ్మా, ఈడ మా కాయని అడిగే నాథుడు లేడు. పెట్టుబడి కూడా రాక మేం ఛస్తంటే, మీరు సముద్రం అవతల వాళ్ళకి పైన కట్టిస్తారా? మన రైతు కనబళ్ళేదా మీకు?"

ఈ మాట నాకు కొత్త కాదు. ఎవరికీ ఏమీ ఇవ్వనివాళ్ళు కూడా ఇదే అంటారు, వాళ్ళ మీద నాకు కోపం. ఈయన మీద కోపం రాలేదు. ఈయనది కడుపు మంట. అయినా తగ్గలేదు. ఏలూరు కోకోకీ నేను మంచి ధరే ఇస్తున్నానండి అన్నాను. మీ కాయకి ధర రాకుండా పోయింది ఈవిడ వల్ల కాదు, ఈవిడ గింజలకి రాకుండా పోయింది మీ వల్ల కాదు. రైతుకీ రైతుకీ తగువు పెట్టి మధ్యలో తింటున్నవాడు వేరే ఉన్నాడు. వాడి మీద అరవండి, నేనూ వచ్చి అరుస్తా అన్నాను. వెళ్ళేటప్పుడు ఒక సంచీ ఎండుమిరపకాయలు కారులో పెట్టించాడు. ఆవిడకి, ఆవిడ కన్ను మండించినందుకు అన్నాడు.

నందిగామ

నందిగామలో ప్రసాదు కొట్టు కింద, ఇల్లు పైన. వాళ్ళకి ఊరి బయట మిరప పొలం కూడా ఉంది. కొట్లో బేరం జోరుగా ఉండగా వెళ్ళాం. మా బార్లు అప్పటికే లోపలి బల్ల మీదికి, బిస్కెట్ డబ్బాల వెనక్కి జరిగిపోయి ఉన్నాయి. నేను చూశానని ప్రసాదు చూశాడు. మంచివాడే, మర్యాదస్తుడు. ఆ మర్యాదే మా ప్రాణం తీసింది. పైకి రండక్కా, అమ్మ ఉంది అని తీసుకెళ్ళాడు.

వాళ్ళమ్మ అనసూయమ్మగారు నీళ్ళిచ్చింది. తర్వాత మైసూర్‌పాక్, కారప్పూస, కాఫీ. ఆవిడ మోకాళ్ళ నొప్పులు, మా పల్లపు ఊళ్ళల్లో దోమలు, ఆ ఏటి ఎండలు. అన్నీ అయ్యాయి. ప్రసాదు నా కళ్ళలోకి చూడటంలేదు, నేను చాక్లెట్ ఊసెత్తటంలేదు. ఎత్తకపోతే అతను కాదనక్కర్లేదు, అతను కాదనకపోతే నేను బాధపడక్కర్లేదు. ఇలా రెండు వైపులా బతికిపోవటం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అకోసువా వీపు నిటారుగా పెట్టి కూచుని చూస్తోంది. అప్పుడు అనసూయమ్మగారే, ఇంత ఎండలో పనిగట్టుకుని వచ్చారు, ఏంటమ్మా విశేషం అంది.

అడిగేసింది. రెండు రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న. నా నోరు నా మాట వినకుండా, "ఏం లేదు పిన్నిగారూ, ఊరికే, ఇటొచ్చాం కదా చూసిపోదామని" అంది.

అకోసువా నా మోచెయ్యి పట్టుకుని, ఆవిడ ఏమడిగింది, నువ్వేం చెప్పావు అంది. చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది.

"ఊరికే అని ఎందుకు చెప్పావు సిస్టర్? నేను ఊరికే రాలేదు. ఇప్పుడు నేను చెప్పేది ఒక్క ముక్క మార్చకుండా చెప్పు."

ఆవిడ ఇంగ్లీషులో చెప్తుంటే నేను వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. నిలబడే చెప్పాను, కూచుని చెప్పబుద్ధి కాలేదు.

"మా ఇంట్లో అందరూ క్షేమం. చెడ్డ కబురుతో రాలేదు. మీ కొట్లో ఉన్న ఆ చాక్లెట్లో గింజలు మా సంఘం ఆడవాళ్ళవి. కాయ కోశాం, పగలగొట్టాం, అరిటాకుల కింద మాగబెట్టాం, ఎండబెట్టాం. మీరు దాన్ని తీసేస్తున్నారని తెలిసింది. తీసెయ్యొద్దని అడగటానికి వచ్చాను. ఇదే నేను వచ్చిన పని."

ప్రసాదు మొహం ఎర్రబడింది. చూద్దాంలెండి మేడం అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. చూద్దాం అంటే అవునా, కాదా అంది అకోసువా. మా దగ్గర చూద్దాం అంటే కాదనే అన్నాను. అయితే కాదనే అనమను, నేను తట్టుకోగలను అంది. నేను ఆ మాటా చెప్పాను. చెప్తుంటే నా చెవులు వేడెక్కాయి. పాతికేళ్ళ వ్యాపారంలో ఒక మనిషిని వాళ్ళింట్లోనే అవునా కాదా అని నిలదీసింది అదే మొదటిసారి.

ప్రసాదుకీ ఓపిక పోయింది.

"కాదక్కా. తీసేస్తా. కొనేవాడు ధర చూస్తాడు గాని ముద్ర ఎవడు చూస్తాడు? ఎండల్లో కరక్కుండా ఫ్రిజ్‌లో పెట్టేది నేను, కరెంటు బిల్లు నాది. మా మిరపకాయకి పైన ఒక్క రూపాయి ఎవడిచ్చాడు? ఆవిడకి నేనెందుకివ్వాలి?"

అకోసువాకి కోపం రాలేదు. సూటిగా మాట్లాడినందుకు సంతోషించినట్టే కనిపించింది. "మీకు ఎవరూ ఇవ్వలేదని చిల్లకల్లు కల్లంలో విన్నాను. మీరు అడిగారా? మేం అడిగాం. చాలా ఏళ్ళు అడిగాం. మా అమ్మ అడిగి అడిగి పోయింది, నేను అడుగుతున్నాను" అంది.

ప్రసాదు ఏదో అనబోయాడు. అనసూయమ్మగారు అందుకుంది.

"నిన్న పొద్దున బేరగాడొకడు మన కల్లంలోకొచ్చి, కాయ నలిపి చూసి, చూద్దాంలే అని బండెక్కి పోయాడే. వాణ్ణి నువ్వేం తిట్టావురా?"

అతను ఏం తిట్టాడో ఆవిడ తర్వాత నాకు చెవిలో చెప్పింది. అచ్చులో వెయ్యటానికి పనికిరాదు. ప్రసాదు కిటికీ వైపు తిరిగాడు. నాకు జాలేసింది. సర్దిచెప్పటం నా అలవాటు, ఆ రోజు సర్దిచెప్పకూడదనుకున్నా.

"దసరా దాకా ఉంచుతా" అన్నాడు చివరికి. "ముందు వరసలో పెడతా. అప్పటికీ కదలకపోతే తీసేస్తా. ఇది చూద్దాంలే మాట కాదు, ఖచ్చితంగా చెప్తన్నా."

అకోసువా చెయ్యి చాపింది. అతను కొంచెం తడబడి ఆ చెయ్యి పట్టుకున్నాడు. అనసూయమ్మగారు కొట్లోకి దిగి, మా బార్లని బిస్కెట్ డబ్బాల వెనక నుంచి తీసి తనే ముందు అద్దాల బల్లలో పేర్చింది, మోకాళ్ళ నొప్పులతోనే. ఒక కాలేజీ అమ్మాయి నూట ఎనభై అని చదివి, అమ్మో అంది. అకోసువా ఆ అమ్మాయిని పిలిచి, కాయలు కాసిన తన రెండు అరచేతులూ చూపించింది. ఆ పిల్ల కొనలేదు. వంద గ్రాముల కాజూ బర్ఫీ కట్టించుకుని వెళ్ళిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, అందరూ కొనేశారని రాసి మిమ్మల్ని మోసం చెయ్యను.

కీసర

మర్నాడు కీసర దగ్గర మునేటి వంతెన పక్కన కారు ఆపాం. ఏట్లో ఇసకే ఎక్కువ, నీళ్ళు పాయలుగా ఉన్నాయి. ఒడ్డున పుచ్చకాయలు అమ్ముతుంటే ఒకటి కోయించుకు తింటున్నాం. అప్పుడే గింజలు దిగుమతి చేసే హైదరాబాదు వ్యాపారి ఫోన్ చేశాడు. బస్తాల లెక్క ఆ రోజే ఖాయం చెయ్యాలట. నందిగామ కొట్టు సంగతి అతనికీ తెలుసు. మేడం, మార్కెట్ బాలేదు, మీ వాటా సగానికి తగ్గించి రాసుకోనా, మిగతా ఇద్దరికీ నేను నచ్చచెప్తాను అన్నాడు. మంచికే అన్నాడు. నేను సగానికి దిగితే మిగతా ఇద్దరూ దిగుతారు, అప్పుడిక ఆ సంఘం పేరుతో సరుకు రాదు. అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నా చేతిలో ఉన్నదల్లా ఒక మిఠాయి కొట్లో దసరా దాకా ముందు వరస. చూద్దాంలెండి, రేపు చెప్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన అకోసువా పుచ్చగింజలు ఉమ్ముతూ ఏటి వైపు చూస్తోంది. ఆవిడకి తెలుగు రాదు, ఏమన్నా తెలియదు.

"తగ్గించొద్దు. పోయినేడు ఎన్ని తీసుకున్నానో అన్నీ రాసుకోండి" అన్నాను.

అమ్ముడుపోకపోతే ఎలాగండీ అన్నాడు. అవి నా పాట్లు అని పెట్టేశాను. అకోసువాకి చెప్తే వెంటనే నమ్మలేదు, మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత పుచ్చకాయ ముక్క పట్టుకున్న చేత్తోనే నన్ను దగ్గరికి లాక్కుంది. నా చీర భుజమంతా ఎర్రటి మరక. మరి ఆ కొట్టు కాక ఇంకెక్కడ అమ్ముతావని అడిగింది. ఇంటింటికీ తిరుగుతా అన్నాను.

ఆవిడ వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. బస్తాలు వచ్చాయి, మా కింది వాటాలో నడవటానికి చోటు లేదు. ఇప్పుడు తిరుగుతున్నాను. గుడివాడ అయింది, గన్నవరం అవుతోంది. మీ తలుపు కూడా కొడతాను. ఎండన పడి వచ్చారు, ఏంటి విశేషం అని అడుగుతారు మీరు. చాక్లెట్ అమ్మటానికి వచ్చాను, ఇది ఘనాలో అకోసువా వాళ్ళు పండించిన కోకో, నూట ఎనభై రూపాయలు, తగ్గించను అని గుమ్మంలోనే చెప్తాను. కాదనాలంటే కాదనే అనండి.